పుస్తకంలో ఎవరి పేరు? – కొండా లక్ష్మణ్ బాపూజీ, సహకారం, మన గల్లీలు

ఈసారి గోడపత్రికకి మేడమ్ నాకిచ్చిన అంశం, సమాజం కోసం పనిచేసిన ఒక సహకారోద్యమ నాయకుడి జీవితం. క్లాసులో ఈ మాట చెప్పగానే ఫ్రెండ్స్ అందరూ చక్కెర ఫ్యాక్టరీల పేర్లే అందుకున్నారు. ముంబైలో పెరిగినవాళ్లకి అది సహజమే. మహారాష్ట్రలో ‘సహకార్’ అంటే ముందు గుర్తొచ్చేది చెరకు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అహ్మద్‌నగర్ జిల్లా లోణిలో విఠల్‌రావ్ విఖే పాటిల్ రైతుల్ని కూడగట్టి, ఆర్థికవేత్త ధనంజయరావ్ గాడ్గీళ్ తోడుతో సహకార చక్కెర కర్మాగారం నిలబెట్టిన సంగతి మనలో చాలామంది ఎక్కడో ఒకచోట విన్నదే.

నేను మాత్రం చెరకు బదులు నూలు పట్టుకున్నాను. నేను రాస్తున్నది కొండా లక్ష్మణ్ బాపూజీ గురించి. కారణం ఉంది. గ్రాంట్ రోడ్ స్టేషన్ దిగి తూర్పు వైపు నడిస్తే వచ్చే మన కామాఠీపురాకి ఆ పేరు తెలుగువాళ్ల వల్లే వచ్చింది. నిజాం రాజ్యం నుంచి కట్టుబడి పనికి వచ్చిన తెలుగు కూలీల్ని ఇక్కడ కామాఠీలు అన్నారు. వాళ్ల తర్వాత తెలంగాణ పల్లెల నుంచి మగ్గం వదిలి మిల్లుల్లో పనికి వచ్చినవాళ్లూ చాలామందే. మా ముత్తాత అట్లా వచ్చినవాడే. చేతిలో పని ఉన్న మనిషి ఊరు ఎందుకు విడవాల్సి వచ్చింది? ఈ ప్రశ్నకి జవాబు వెతుకుతూ పోతే బాపూజీ జీవితం ఎదురవుతుంది.

ఎవరీయన?

కొండా లక్ష్మణ్ 1915 సెప్టెంబర్ 27న పాత ఆదిలాబాద్ జిల్లా వాంకిడిలో పుట్టారు. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. పద్మశాలి కుటుంబం. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్నారు. చిన్నప్పటి చదువు కొంత రాజురాలో సాగింది. ఆ రాజురా అప్పుడు హైదరాబాద్ రాజ్యంలో ఉండేది. 1956లో రాష్ట్రాల్ని భాషల వారీగా విడగొట్టినప్పుడు ఇటువైపు వచ్చింది. ఇప్పుడు చంద్రపూర్ జిల్లాలో ఉంది. అంటే తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ చెవిన పడే చోట పెరిగిన పిల్లవాడన్నమాట. అమ్మని ‘ఆయీ’ అనీ నాన్నని ‘బాపు’ అనీ పిలిచే మా ఇంటి లాంటి ఇళ్లకి ఆయన పరాయివాడిలా అనిపించడు.

హైదరాబాద్‌లో లా చదివి 1940లో ప్రాక్టీసు మొదలుపెట్టారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలోకి దిగారు. తెలంగాణ రైతుల మీద దొరలు, ప్రభుత్వం పెట్టిన కేసుల్లో వాళ్ల తరఫున నిలబడ్డారు. పాలకుర్తి చాకలి ఐలమ్మ భూమి కోసం విస్నూరు దేశ్‌ముఖ్‌తో పోరాడినప్పుడు ఆమె పక్షాన కోర్టులో నిలిచిన లాయర్లలో ఈయన ఒకరు. 1947 డిసెంబర్ 4న నారాయణరావు పవార్, ఆయన మిత్రులు నిజాం కారు మీద బాంబు వేశారు. ఆ కేసులో ఈయన పేరు కూడా చేర్చడంతో అజ్ఞాతంలోకి వెళ్లాల్సి వచ్చింది.

1952 ఎన్నికల్లో ఆసిఫాబాద్ నుంచి శాసనసభకి గెలిచారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక డిప్యూటీ స్పీకర్ అయ్యారు, తర్వాత మంత్రి అయ్యారు. ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా దొరికే వివరాలు. ఇంత పెద్ద పోరాటాల్లో తిరిగిన లాయరు నూలు చిలపల లెక్కలు, సంఘాల రిజిస్టర్లు పట్టుకుని ఎందుకు కూర్చున్నాడు అన్నదే నన్ను ఆపిన ప్రశ్న.

సాలెవాడి లెక్క

దీనికి ముందు మగ్గం లెక్క తెలియాలి. మగ్గం నేసేవాడిదే. నైపుణ్యం వాడిదే. ఇంటిల్లిపాదీ కష్టం వాడిదే. కానీ నూలు కొనడానికి చేతిలో డబ్బు ఉండదు. నేసిన బట్ట అమ్ముడుపోయేదాకా ఆగే ఓపిక ఉండదు, ఎందుకంటే రేపు పొయ్యి వెలగాలి. ఆ రెండు చోట్ల షావుకారు కూర్చుంటాడు. నూలు ఇచ్చేది ఆయనే, బట్ట తీసుకునేది ఆయనే, ధర చెప్పేది ఆయనే, బాకీ పుస్తకం రాసేదీ ఆయనే.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఇవి నేను అర్థం కావడానికి వేసుకున్న అంకెలు మాత్రమే. ఒక బట్ట బజారులో 100 రూపాయలకి అమ్ముడుపోయిందనుకోండి. నూలుకీ రంగుకీ 55 పోయాయి. నేసినవాడికి మజూరీ 20. మిగిలిన 25 షావుకారుకి. ఇందులో నేత తప్పు పోయిందని కొంత కోత, పెళ్లికి తీసుకున్న అడ్వాన్సుకి వడ్డీ అని ఇంకొంత కోత. ఇక ఆ 20 కూడా పూర్తిగా చేతికి రాదు. బాకీ తీరేదాకా ఇంకో షావుకారు దగ్గరికి పోవడానికీ లేదు.

రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఇది ఇంకా ముదిరింది. నూలు దొరకడమే కష్టమైంది. కంట్రోలు వచ్చింది. నూలు లేకపోతే మగ్గం ఉన్నా లేనట్టే. లక్ష్మణ్‌గారు లాయరుగా పైకి వస్తున్న రోజులవే. సాలెవాడికి కావలసింది జాలి కాదనీ, నూలు తెచ్చుకునే దారి, బట్ట అమ్ముకునే దారి తన చేతిలో ఉండటమనీ ఆయనకి అర్థమైంది.

సంఘం ఏం మార్చింది?

ఈ ఆలోచన ఆయన కనిపెట్టింది కాదు. 1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ అనే ఊళ్లో 28 మంది తలా కొంచెం వేసుకుని ఒక కొట్టు పెట్టారు. వాళ్లలో చాలామంది నేతపనివాళ్లే కావడం గమనించండి. పిండి, వెన్న, చక్కెర కల్తీ లేకుండా అమ్ముకుంటూ వాళ్లు రాసుకున్న నియమాలే ప్రపంచం మొత్తం సహకార సంఘాలకి ఆధారమయ్యాయి. అందులో ముఖ్యమైనది ఒకటి: వాటా ఎంత ఉన్నా మనిషికి ఒకటే ఓటు. బ్రిటిష్ ఇండియాలో 1904లో పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1912 చట్టంతో మిగతా రకాల సంఘాలకీ దారి తెరుచుకుంది.

కంపెనీలో డబ్బుకి ఓటు ఉంటుంది. సహకార సంఘంలో మనిషికి ఓటు ఉంటుంది. ఎకనామిక్స్ నోట్సులో ఇది ఒక్క లైను. షావుకారు ముందు చేతులు కట్టుకు నిలబడినవాడికి మాత్రం ఇది మామూలు విషయం కాదు.

మన లెక్కనే సంఘంలో వేసి చూద్దాం. సభ్యులందరి తరఫునా నూలు ఒకేసారి పెద్ద మొత్తంలో కొంటే 55 బదులు 52 పడింది. అమ్మకం ఖర్చు 10. నేసినవాడికి 30. మిగిలిన 8 సంఘం నిధిలో పడుతుంది. ఆ నిధిలోంచే పండక్కి బోనసు, కష్టకాలంలో అప్పు. బట్ట అదే, ధర అదే, నేసిన చెయ్యీ అదే. పుస్తకం మాత్రం షావుకారు పెట్టెలోంచి సంఘం బల్ల మీదికి వచ్చింది. ఎవరైనా తెరిచి చూడొచ్చు, లెక్క అడగొచ్చు.

లక్ష్మణ్‌గారు తెలంగాణలో ఊరూరా తిరిగి ఇట్లాంటి చేనేత సంఘాల్ని కట్టించారు. ఒక ఊరి సంఘం ఒంటరిగా మిల్లుతోనూ పట్నం బజారుతోనూ బేరమాడలేదు కాబట్టి వాటన్నిటికీ పైన హైదరాబాద్‌లో ఒక కేంద్ర సంఘం నిలబడటానికి ముందుండి పనిచేశారు. కింద ఊరి సంఘం, పైన కేంద్ర సంఘం, పట్నంలో అమ్మకం దుకాణం. ఈ మూడంచెలూ కలిస్తేనే నూలు కిందికి, బట్ట పైకి, డబ్బు తిరిగి కిందికి నడుస్తుంది. ఆయన చేనేతతో ఆగలేదు. గీత కార్మికులు, చేపలు పట్టేవాళ్లు, ఇంకా ఇతర వృత్తులవాళ్లూ సంఘాలు పెట్టుకోవడానికి తోడ్పడ్డారు.

ఇక్కడొక తేడా చెప్పాలి. ఆయన పద్మశాలి సంఘానికి కూడా చాలాకాలం నాయకత్వం వహించారు. మన గల్లీల్లోనూ కుల సంఘాలున్నాయి. పెళ్లి హాలు, గుడి, బతుకమ్మ, పిల్లలకి నోటుబుక్కులు, అన్నీ అక్కడే. కానీ కుల సంఘంలో పుట్టుకతోనే సభ్యులం అయిపోతాం. సహకార సంఘంలో వాటా కట్టి, సంతకం పెట్టి, బాధ్యత తెలిసి చేరతాం. మొదటిది మనల్ని ఒకచోట చేరుస్తుంది. రెండోది లెక్క అడగడం నేర్పుతుంది. ఆయన రెండింటిలోనూ పనిచేశారు గానీ, ఒక్క తన కులంతో ఆగిపోకుండా చూసింది ఈ రెండోదే అని నాకనిపిస్తుంది.

పదవి పోయినా

1967 ఎన్నికల్లో భువనగిరి నుంచి గెలిచి మళ్లీ మంత్రి అయ్యారు. పోచంపల్లి లాంటి నేత ఊళ్లున్న ప్రాంతం అది. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రగిలింది. విద్యార్థులు రోడ్ల మీద ఉన్నారు. అప్పుడు కాసు బ్రహ్మానందరెడ్డి మంత్రివర్గంలో ఉన్న లక్ష్మణ్‌గారు రాజీనామా చేసి బయటికి వచ్చారు.

ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు ఆ మాట మీదే ఉన్నారు. హుస్సేన్‌సాగర్ పక్కన ఆయన ఇల్లు ‘జలదృశ్యం’. 2001లో తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టింది అక్కడే. తొంభై దాటిన వయసులో ఢిల్లీ వెళ్లి చలిలో సత్యాగ్రహానికి కూర్చున్నారు. 2012 సెప్టెంబర్ 21న కన్నుమూశారు. 2014 జూన్ 2న వచ్చిన తెలంగాణని ఆయన చూడలేదు. ఇప్పుడు అక్కడి ఉద్యానవన విశ్వవిద్యాలయానికి ఆయన పేరుంది.

రాజకీయ జీవితం ఒకటి, సహకార జీవితం ఒకటి అని విడదీసి చెబుతుంటారు. చదివిన కొద్దీ నాకు రెండూ ఒకటే అనిపించింది. మా నూలు లెక్క మేమే చూసుకుంటాం అనడం, మా ప్రాంతం లెక్క మేమే చూసుకుంటాం అనడం ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు. ఐలమ్మ పంట ఐలమ్మదే అని కోర్టులో నిలబడటం కూడా అదే.

మా తాత అడిగిన ప్రశ్న

ఈ వ్యాసం చిత్తుప్రతి ఇంట్లో చదివి వినిపించాను. తాత మొత్తం విని ఒక్కటే అన్నాడు: “గంత మంచిదైతే నా పైసలేడవోయినయే?”

ఆయన మిల్లులో పనిచేసినవాడు. 1982 జనవరిలో మొదలైన మిల్లుల సమ్మెలో పని పోయింది. తర్వాత చిన్న కొట్టు పెట్టుకుని, మిగిలింది ఒక పత్‌పేఢీలో దాచాడు. పత్‌పేఢీ అంటే సహకార పరపతి సంఘమే. అది మునిగింది. పాస్‌బుక్ ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఆయనకి సహకారం అంటే ఆ పాస్‌బుక్కే.

దీనికి జవాబు చెప్పకుండా బాపూజీని పొగిడి ఊరుకుంటే అది వ్యాసం కాదు. నిజమేమిటంటే చేనేత సంఘాల్లోనూ ఇదే జరిగింది. కొన్నిచోట్ల షావుకారే సంఘం అధ్యక్షుడయ్యాడు. మగ్గాలు లేని సంఘాలు కాగితాల మీద పుట్టాయి. ప్రభుత్వం సొమ్ము వచ్చే చోట రాజకీయ నాయకులు కుర్చీ వేసుకున్నారు. ఎన్నికలు ఏళ్ల తరబడి జరగలేదు. మరమగ్గం బట్ట చవగ్గా వచ్చి చేనేతని కొట్టింది. ఎంతోమంది నేతపనివాళ్లు భివండీ మరమగ్గాల దగ్గరికి కూలికి వెళ్లారు. బాపూజీ లాంటి ఒక్క మనిషి నిలబెట్టింది ఒక్క మనిషి కాపాడలేడు కదా.

తాతని అడిగాను: “ఆ సంఘం మీటింగుకి ఎన్నడన్న పోయినవా?” “మీటింగా? గది పెద్దోళ్లు సూసుకుంటరు గదా” అన్నాడు. ఇందులో తాతని తప్పుపట్టడానికేం లేదు. రోజంతా పనిచేసే మనిషికి మీటింగు నోటీసు ఎవరూ చదివి చెప్పలేదు. అది మరాఠీలో ఉంటుంది, చిన్న అక్షరాల్లో ఉంటుంది. కానీ ఒకటి మాత్రం అర్థమైంది. సంఘంలో సభ్యుడు లెక్క అడగడం మానేసిన రోజున పుస్తకం మళ్లీ షావుకారు పెట్టెలోకే పోతుంది. పెట్టె మీద బోర్డు మారుతుంది, అంతే.

కండెలు చుట్టిన చేతులు

మనది ఆడపిల్లల కాలేజీ కాబట్టి ఇంకో మాట. నేతపనిలో నూలు వడకడం, ఆసు పోయడం, కండెలు చుట్టడం ఎక్కువగా ఆడవాళ్ల పని. ఆ పని లేకుండా మగ్గం మీద ఒక్క అంగుళం కూడా సాగదు. అయినా సంఘం రిజిస్టరులో సభ్యుడు అంటే మామూలుగా మగ్గం మీద కూర్చున్న మగవాడే. మజూరీ అతని పేరు మీద రాసేవారు. ఇంట్లో ముగ్గురు పనిచేసినా పుస్తకంలో ఒక్క పేరే.

మా నాయనమ్మ చిన్నప్పుడు పుట్టింట్లో కండెలు చుట్టింది. “కూలి ఎంతిచ్చేవారు నాయనమ్మా?” అంటే నవ్వింది. “ఇంటి పనికి కూలేంది బిడ్డా” అంది.

సహకారోద్యమం షావుకారు పుస్తకంలోంచి సాలెవాడి పేరు బయటికి తెచ్చింది. సాలెవాడి పేరు వెనక ఉన్న ఆమె పేరు తేవడం మాత్రం ఆలస్యమైంది. అది జరగనిదేం కాదు. పాత కరీంనగర్ జిల్లా ములుకనూరులో 1956లో మొదలైన రైతుల సహకార సంఘం దేశమంతా పేరు తెచ్చుకుంది. తర్వాత అదే ములుకనూరులో పూర్తిగా ఆడవాళ్లే సభ్యులుగా పాల డెయిరీ నడిచింది. పాలు పోసేది వాళ్లే, ఓటు వాళ్లదే, లెక్క అడిగేదీ వాళ్లే. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రభుత్వ జోక్యాన్ని తగ్గించి ఇట్లాంటి సంఘాలకి ఊపిరినిచ్చింది.

మన గల్లీకి ఏం సంబంధం?

ఇదంతా పాతకాలం సంగతి అనుకోకండి. కామాఠీపురా పాత చాళ్లని తీసేసి మ్హాడా ద్వారా కొత్త బిల్డింగులు కట్టే పథకం గురించి ప్రతి గల్లీలో మాట్లాడుకుంటున్నారు. ఎంత ఏరియా వస్తుంది, ఎన్నో అంతస్తు వస్తుంది, మధ్యలో కిరాయి ఎవరిస్తారు అన్నవే ఇళ్లలో నడిచే మాటలు. ఒక్క సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. కొత్త బిల్డింగు లేచాక ఇవాళ్టి కిరాయిదారులు సహకార గృహనిర్మాణ సంఘంలో సభ్యులవుతారు. మనం ‘సొసైటీ’ అంటామే, అదే. మహారాష్ట్ర సహకార సంఘాల చట్టం, 1960 దానికి వర్తిస్తుంది. అంటే బాపూజీ ఊరూరా చెప్పిన పాఠం ఇప్పుడు మన గుమ్మంలోకి వస్తోంది.

కాబట్టి కొన్ని విషయాలు రాసుకోండి.

ఒకటి. సభ్యుడికి ఒకటే ఓటు. పెద్ద గది ఉన్నవాళ్లకీ చిన్న గది ఉన్నవాళ్లకీ సమానం.

రెండు. సర్వసభ్య సమావేశం ఏడాదికోసారి జరగాలి. మార్చి 31న లెక్కలు ముగిశాక ఆరు నెలల్లో, అంటే సెప్టెంబర్ 30లోపు. బాపూజీ జయంతి సెప్టెంబర్ 27. ఆ వారంలో ఆయన ఫొటోకి దండ వేయడం కన్నా ఆ మీటింగుకి వెళ్లి కూర్చోవడం ఆయనకి నచ్చే పని అని నా నమ్మకం.

మూడు. వాటాలో ఇంకొకరి పేరు కలిపి రాయించుకోవచ్చు. కానీ ముందు ఎవరి పేరుంటే ఓటు ముందు వాళ్లది. కాబట్టి పేర్ల వరస కూడా చిన్న విషయం కాదు.

మా గది కిరాయి రసీదు తాత పేరు మీద ఉంది. ఆ గదిలో 45 ఏళ్లు వంట చేసిన నాయనమ్మ పేరు దేంట్లోనూ లేదు. రోజూ నల్లా నీళ్లు పట్టే ఆయీ పేరు లేదు. ఈ విషయం ఇంట్లో ఎత్తాను. బాపు వెంటనే ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత పాత రసీదుల సంచీ తీసి నా ముందు పెట్టి, “మరాఠీ నీకు బాగా వచ్చు గదా, సదివి చెప్పు” అన్నాడు. ప్రస్తుతం ఆ పనిలోనే ఉన్నాను. తాత పక్కనే కూర్చుని వింటున్నాడు. నమ్మకం కుదిరిందని మాత్రం చెప్పను.

రెండు భాషలు వచ్చిన పిల్లలు మన క్లాసులో చాలామందే ఉన్నారు. వాంకిడి నుంచి వచ్చిన లాయరు తనకి వచ్చిన భాషల్ని కోర్టుకీ సంఘానికీ వాడాడు. మనకి వచ్చిన భాషని కనీసం ఇంట్లో కాగితాలు చదవడానికి వాడదాం. ఈ వారం మీ ఇంట్లో రసీదు ఎవరి పేరు మీద ఉందో, అమ్మ పేరు ఎక్కడైనా ఉందో లేదో చూడండి. మీ చాల్లో చివరి మీటింగు నోటీసు ఎవరు చదివారో కూడా అడగండి. జవాబులు చీటీ మీద రాసి మన గోడపత్రిక డబ్బాలో వేయండి, మీ పేరు రాయక్కర్లేదు. ఎన్ని ఇళ్లలో అమ్మ పేరుందో లెక్కపెట్టి, వచ్చే సంచికలో ఇదే చోట అంటిస్తాం.